పాట బతికే ఉంటుంది, సరే. మనిషి సంగతేంటి?

కేకే పోయాడని చెప్పినప్పుడు ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు "కేశవరావు గారా?" అన్నాడు. హైదరాబాద్‌లో ఆ రెండక్షరాలు వినగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది రాజకీయ నాయకుడు కె. కేశవరావు గారే. "కాదు తమ్ముడూ, సింగర్ కేకే" అన్నాను. అయినా అర్థం కాలేదు. ఫోన్‌లో 'ఘర్షణ' సినిమా పాట 'చెలియ చెలియా' పెట్టి వినిపించాను. పల్లవి సగంలో ఉండగానే మొహం మారిపోయింది. "అయ్యో, ఇది పాడింది ఈయనా?" అన్నాడు. కాసేపాగి, "ఏం చేస్తాం అన్నా, పాటల్లో బతికే ఉంటాడు" అన్నాడు.

అది 2022 జూన్ 1. కేకే చనిపోయింది ముందు రోజు రాత్రి, కోల్‌కతాలో. 53 ఏళ్లు. నజ్రుల్ మంచ్ అనే హాల్లో ఒక కాలేజీ ఫెస్టులో పాడి, హోటల్‌కు వెళ్లాక కుప్పకూలాడు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం పోయిందన్నారు.

ఆ రోజంతా ఎవరి నోట విన్నా అదే మాట. వాట్సాప్ స్టేటస్‌లలో అదే, ఎఫ్ఎంలో ఆర్జేలు చెప్పిందీ అదే. 2020 సెప్టెంబర్‌లో బాలు గారు పోయినప్పుడూ ఇలాగే అనుకున్నాం. గాయకుడు పోతే మనకు నోటికొచ్చే మొదటి ఓదార్పు ఇది. మంచి మనసుతోనే అంటాం. కానీ నాకు ఆ మాట మింగుడుపడదు. కేకే విషయంలో అసలే పడదు.

ఎందుకో చెప్పాలంటే అతను మనకు ఎవరో ముందు చెప్పాలి.

పూర్తి పేరు కృష్ణకుమార్ కున్నత్. మలయాళీ కుటుంబం, పుట్టి పెరిగింది ఢిల్లీలో. సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. కిశోర్ కుమార్ పాటలు విని పాడుతూ పెరిగాడు. ముంబై వెళ్లాక కడుపు నింపింది ప్రకటనల్లో వచ్చే చిన్న చిన్న జింగిల్స్. అలాంటివి సుమారు 3,500 పాడాడని చెబుతారు. సినిమాల్లో మొదట పాడించినవాళ్లలో రెహమాన్ ఒకరు, అదీ తమిళంలో, 1996లో వచ్చిన 'కాదల్ దేశం'కి. మన దగ్గర 'ప్రేమదేశం'గా ఆడిన సినిమా అదే. 1999లో సొంత ఆల్బమ్ 'పల్' వచ్చింది. సినిమా లేకుండా, హీరో లేకుండా, కేవలం పాట కోసం జనం క్యాసెట్ కొనుక్కున్న రోజులవి. మన దేశంలో పాప్ స్టార్ అనే మాటకు ఏదైనా అర్థం ఉన్నది ఆ కొద్ది ఏళ్లే అని నా అభిప్రాయం.

ఇక తెలుగు. 2001లో 'ఖుషి'లో 'ఏ మేరా జహా'. తెలుగు సినిమాలో హిందీ పాట పెడితే ఎవరు వింటారని అనుకోవచ్చు. రాష్ట్రమంతా పాడుకుంది. తర్వాత 2004 వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే 'ఆర్య'లో 'ఫీల్ మై లవ్', 'ఘర్షణ'లో 'చెలియ చెలియా', 'నా ఆటోగ్రాఫ్'లో 'గుర్తుకొస్తున్నాయి'. దేవిశ్రీ ప్రసాద్, హారిస్ జయరాజ్, కీరవాణి. ముగ్గురు సంగీత దర్శకులవీ మూడు వేరు వేరు దారులు, గొంతు మాత్రం ఒకటే. 2009లో 'ఆర్య 2'లో 'ఉప్పెనంత'. ఆ కాలంలో అమీర్‌పేటలోనో, ఎస్సార్ నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్లో ఉన్నవాడెవడైనా ఈ పాటలు రోజూ వినే ఉంటాడు. మైత్రీవనం ముందు ఫుట్‌పాత్ మీద అమ్మే ఎంపీ3 సీడీల్లో ఇవి లేని సీడీ దొరకడం కష్టం.

ఉత్తరాది గాయకులు తెలుగును ఖూనీ చేస్తున్నారని ఆ రోజుల్లో పెద్ద గొడవ ఉండేది. ఆ కోపంలో న్యాయం ఉంది. ఒత్తులు పోయేవి, 'ళ' కాస్తా 'ల' అయ్యేది. కేకే ఉచ్చారణ తెలుగువాడిలా అచ్చుగా ఉంటుందని నేనూ అనను. కానీ 'గుర్తుకొస్తున్నాయి' ఒకసారి మళ్లీ వినండి. చంద్రబోస్ అందులో చిన్నప్పటి జ్ఞాపకాలను ఒకదాని వెంట ఒకటి పేర్చుకుంటూ పోతాడు. అలాంటి పాట చేతికొస్తే చాలామంది గాయకులు గొంతులో ఏడుపు కలుపుతారు. టీవీ పోటీల్లో పిల్లలు ఆ పాట పాడేటప్పుడు చూడండి, రెండో లైనుకే గొంతు వణికిస్తారు. కేకే అలా చేయలేదు. స్నేహితుడికి కబురు చెబుతున్నట్టు తేటగా పాడుకుంటూ పోయాడు. ఏడుపు మన వాటాకు వదిలేశాడు. తన ఊరు కాని ఊరి జ్ఞాపకాలను, తన భాష కాని భాషలో అంత నిబ్బరంగా పాడటం చిన్న విషయం కాదు. పై స్థాయిలో కూడా అతని గొంతు బిగుసుకోదు. అరుపుకీ ఆర్తికీ మధ్య ఉండే సన్నటి గీత అతనికి తెలుసు. 'ఉప్పెనంత' చరణం చివర్లో అది స్పష్టంగా వినపడుతుంది.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో సంగతి ఉంది. ఇక్కడి కాలేజీల్లో ఫేర్‌వెల్ పార్టీ అంటే రెండు పాటలు ఖాయం. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న మాలాంటి తెలుగు మీడియం బ్యాచ్ 'గుర్తుకొస్తున్నాయి' పెట్టించేది. సికింద్రాబాద్, మెహదీపట్నం, పాతబస్తీ నుంచి వచ్చే హిందీ, ఉర్దూ బ్యాచ్ 'పల్' పాట పెట్టించేది. నాలుగేళ్లు క్యాంటీన్‌లో విడివిడి బల్లల దగ్గర కూర్చున్నవాళ్లం ఆ సాయంత్రం ఒకే స్పీకర్ ముందు నిలబడి ఏడ్చాం. ఎవరి పాటకు వాళ్లం ఏడ్చాం. రెండూ పాడింది ఒక్కడే అని ఆ హాల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. తెలుగులోనూ హిందీలోనూ ఒకే వయసు పిల్లల కన్నీళ్లకు ఒకే గొంతు సరిపోయిందంటే, ఆ తరం హైదరాబాద్‌కు అతనికన్నా దగ్గరి గాయకుడు ఇంకెవరున్నారు?

అయినా మొహం తెలియదు. దానికి సగం కారణం అతనే. గాయకుడు వినపడాలి గానీ కనపడక్కర్లేదనేవాడు. టీవీ షోల్లో జడ్జిగా పెద్దగా కూర్చోలేదు. డబ్బు ఎంతిచ్చినా పెళ్లిళ్లలో పాడనని చెప్పేవాడు. అది అతని పద్ధతి, గౌరవిస్తాను.

మిగతా సగం మనది. మనం పాటను హీరో పేరుతో పిలుస్తాం. 'పవన్ కల్యాణ్ పాట', 'బన్నీ పాట', 'వెంకటేశ్ పాట', 'రవితేజ పాట'. ఈ నలుగురికీ పాడింది ఒక్కడే అని తెలుసుకోవాల్సిన అవసరం మనకెప్పుడూ రాలేదు. ఘంటసాల గారి రోజుల్లో అలా లేదు. హీరో ఎవరైనా అది ఘంటసాల పాటే. బాలు గారు 'పాడుతా తీయగా'తో ప్రతి ఇంటికీ వచ్చి కూర్చున్నారు, కాబట్టి ఆయన మనిషిగా మనకు తెలుసు. ఆయన దగ్గు, ఆయన నవ్వు, పిల్లలను సరిదిద్దే తీరు అన్నీ తెలుసు. ఆయన పోయినప్పుడు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు ఏడ్చాం. కేకే పోయినప్పుడు మాత్రం పోయింది ఎవరో ఫోన్‌లో వెతుక్కుని, ఆ తర్వాత బాధపడ్డాం. గొంతును ఒళ్లు లేని వస్తువులా వాడుకోవడం అప్పటికే మనకు అలవాటైపోయింది. అందుకే "పాటల్లో బతికే ఉంటాడు" అనడం అంత తేలికైంది. మనకు తెలిసినంతవరకు అతను ఎప్పుడూ పాటల్లోనే ఉన్నాడు.

ఆ రాత్రి వీడియోలు చూసినవాళ్లకు ఆ ఒళ్లు కనపడింది. చెమటతో తడిసిపోయిన మనిషి. టవల్‌తో పదే పదే మొహం తుడుచుకుంటూ, మధ్యలో నీళ్లు తాగుతూ, పైకి చేయి చూపిస్తూ పక్కవాళ్లకు ఏదో చెబుతున్న మనిషి. లైట్ల వేడి తట్టుకోలేక తగ్గించమన్నాడని చూసినవాళ్లు చెప్పారు. ఆ హాలులో సీట్లు సుమారు 2,500. అంతకన్నా ఎక్కువమంది వచ్చారన్నది పెద్ద చర్చ అయింది. ఏసీలు పనిచేస్తూనే ఉన్నాయని, ఊపిరాడని పరిస్థితేమీ లేదని అక్కడి పోలీసు కమిషనర్ అన్నారు. పోస్టుమార్టంలో తేలింది గుండెపోటు. రక్తనాళాల్లో అడ్డంకులు చాలాకాలంగా ఉన్నాయని, సమయానికి సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స, చేసి ఉంటే బతికేవాడేమోనని వైద్యులు చెప్పినట్టు వార్తలొచ్చాయి.

జనం వల్లే చచ్చిపోయాడని నేను అనడం లేదు. అది అబద్ధం అవుతుంది. జబ్బు ముందునుంచే ఉంది. నేను అడిగేది వేరు. ఒంట్లో బాగోలేదని అంత స్పష్టంగా కనపడుతున్న మనిషి చివరి పాట దాకా ఎందుకు పాడాడు? ఆపేస్తానని ఎందుకు అనలేకపోయాడు? స్టేజీ మీద ఉన్నవాడిని ఆపగలిగే మనిషి ఒక్కడైనా అక్కడ ఉన్నాడా? చివరికి పాడింది 'పల్' పాటే. రేపు మనం ఉన్నా లేకపోయినా ఈ క్షణాలు గుర్తుంటాయని చెప్పే పాట. దాన్ని అందరూ విధి అన్నారు, కవిత్వం అన్నారు. ఎన్నో ఏళ్లుగా అతని ప్రతి కచేరీ దాదాపు ఆ పాటతోనే ముగిసేది. అందులో విధి ఏమీ లేదు. అక్కడ ఉన్నదల్లా తన పని పూర్తి చేసి దిగాలనుకున్న పనివాడు. నాకు అందులో కవిత్వం కనపడదు, కడుపు మండుతుంది.

'వన్స్ మోర్' అని మనం అరుస్తాం. అది ప్రేమే. నేనూ అరిచాను, మళ్లీ అరుస్తాను. కానీ ఆ అరుపు వినే మనిషికి ఛాతీలో నొప్పి ఉంటే కాదనే ధైర్యం ఉండాలి, కాదన్నప్పుడు మనం ఒప్పుకుంటామన్న నమ్మకం కూడా ఉండాలి. మన ఊళ్లో ఆ నమ్మకం ఉందా? పాస్‌లు అచ్చు వేసినన్ని సీట్లు ఉండవు. మెట్ల మీద కూర్చోబెడతారు. పక్క తలుపులకు తాళాలు వేస్తారు, పాస్ లేనివాళ్లు దూరిపోతారని. నా కాలేజీ రోజుల్లో వాలంటీర్ బ్యాడ్జి పెట్టుకుని అలాంటి తలుపు దగ్గర నిలబడ్డాను. తాళం ఎవరి దగ్గరుందో మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఏమీ కాలేదు. ఏమీ కానంతవరకు అది ఎవరికీ తప్పుగా అనిపించదు.

అయినప్పుడు ఎలా ఉంటుందో 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశాం. సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ షో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. కోల్‌కతాలో పోయింది స్టేజీ మీది మనిషి, ఇక్కడ పోయింది కింద నిలబడ్డ మనిషి. రెండు సంఘటనలూ ఒకటి కావని నాకు తెలుసు. కానీ రెండు చోట్లా అభిమానం పేరుతో మనుషుల ఒళ్లను లెక్కలోంచి తీసేశాం.

ఇంకో సంగతి మగవాళ్లకు చెప్పాలి. కేకేకు ముందునుంచీ చేయి, భుజం నొప్పిగా ఉండేవని, అజీర్తి అనుకుని యాంటాసిడ్ మందులు వాడేవాడని అప్పట్లో పత్రికలు రాశాయి. మన ఇళ్లలో ఈ మాట కొత్తా? "గ్యాస్ పట్టేసింది, సోడా తాగితే పోతుంది." మా నాన్నా ఇదే అంటాడు, మా మేనేజరూ ఇదే అంటాడు. 2021 అక్టోబర్‌లో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు బెంగళూరులో గుండె పరీక్షల కోసం జనం ఆస్పత్రుల ముందు క్యూ కట్టారు. అది భయం అనండి, ప్రేమ అనండి, పనికొచ్చే ప్రేమ. కేకే పోయినప్పుడు మన దగ్గర క్యూలు లేవు. స్టేటస్‌లు పెట్టాం.

గుండె ఆగిపోయాక సీపీఆర్ గానీ షాక్ గానీ ఇవ్వకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందంటారు. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు దిగిన మనిషి ఒకరు కుప్పకూలిపోతే, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే ఛాతీ నొక్కి బతికించాడు. ఆ వీడియో ఊరంతా చూసింది. అతను డాక్టర్ కాదు, నేర్చుకున్నాడు, అంతే. వేలమంది కూర్చునే హాల్లో అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉండాలని అడగడం పెద్ద కోరికా?

మళ్లీ ఆ ఓదార్పు మాటకు వస్తాను. పాట బతికి ఉంటే మనిషి బతికి ఉన్నట్టే అని నిజంగా నమ్మితే, అది మనల్ని ఎక్కడికి తీసుకెళ్తుందో ఇప్పటికే కనపడుతోంది. 'కీడా కోలా' సినిమాలో బాలు గారి గొంతును ఏఐతో తయారు చేసి వాడారు. తమ అనుమతి లేకుండా ఎలా వాడతారని ఆయన కుటుంబం 2024లో నోటీసు పంపింది. అదే సమయంలో రెహమాన్ 'లాల్ సలామ్'లో చనిపోయిన ఇద్దరు గాయకులు, బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను వాడాడు. కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బులిచ్చి వాడామన్నాడు. అనుమతి అడగడం న్యాయం, అడగకపోవడం అన్యాయం. అంతవరకు నాకు సందేహం లేదు. ఇప్పుడు యూట్యూబ్‌లో కేకే ఎప్పుడూ పాడని పాటలు కేకే గొంతుతో దొరుకుతున్నాయి. కింద కామెంట్లలో "లెజెండ్ ఈజ్ బ్యాక్" అని రాస్తున్నారు. రాసేవాళ్లు అతన్ని ప్రేమించేవాళ్లే.

నేను ఒకటి రెండు విన్నాను. గొంతు పోలిక బాగానే కుదిరింది. కానీ అతని పాటలో నాకు నచ్చేవన్నీ అతని ఒంటితో ముడిపడినవి. పై స్వరానికి ముందు తీసుకునే గాలి, వాక్యం చివర కాస్త వదిలేసే పద్ధతి, తన భాష కాని మాట దగ్గర చూపే ఆ చిన్న జాగ్రత్త. 53 ఏళ్లకు అతని గొంతు 'పల్' నాటి గొంతు కాదు. కొంచెం బరువెక్కింది. బతికి ఉంటే 60 ఏళ్లకు ఇంకోలా ఉండేది. ఆ గొంతుతో అతను 'గుర్తుకొస్తున్నాయి' పాడి ఉంటే నేను వినాలనుకున్నాను. మేం ముసలివాళ్లం అవుతుంటే ఆ పాట కూడా మాతో పాటు ముసలిదై ఉండేది. ఏ మెషీనూ నాకు దాన్ని ఇవ్వలేదు. మెషీన్ ఇచ్చేది 2004నే, మళ్లీ మళ్లీ 2004నే. పోయినవాడు పోయాడని ఒప్పుకుంటేనే ఎంత పోయిందో తెలుస్తుంది. "బతికే ఉంటాడు" అన్న మాట ఆ లెక్క చూడనివ్వదు.

మా పిన్ని కొడుకు ఇక్కడే శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాడు, కల్చరల్ కమిటీలో ఉన్నాడు. ఈ ఏడాది ఫెస్టుకు పేరున్న సింగర్‌ను పిలుస్తున్నారట, స్పాన్సర్ల కోసం ఎవరైనా తెలుసా అని నాకు ఫోన్ చేశాడు. "ఆడిటోరియంలో ఎన్ని సీట్లురా?" అని అడిగాను.

"పన్నెండొందలు అన్నయ్యా."

"పాస్‌లు ఎన్ని వేస్తున్నారు?"

కాసేపు మాట్లాడలేదు. "రెండు వేలు. అందరూ రారు కదా."

అంబులెన్స్ ఎక్కడ ఆపుతారు, స్టేజీ పక్క నుంచి దానికి దారుందా, సీపీఆర్ వచ్చినవాళ్లు మీలో ఎవరున్నారు, సింగర్ మధ్యలో ఆపేస్తానంటే మైకు తీసుకుని జనానికి చెప్పేది ఎవరు అని ఒక్కొక్కటే అడిగాను. "సింగర్ ఎందుకు ఆపేస్తాడు అన్నయ్యా, అంత డబ్బిస్తుంటే?" అన్నాడు. అప్పుడు వాడికి కేకే గురించి చెప్పాను. వాడికీ పాటలు తెలుసు, మనిషి తెలియదు. వీడియో పంపితే చూసి, రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. అంబులెన్స్ గేటు బయట కాకుండా స్టేజీ వెనక పెట్టిస్తానన్నాడు. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల్లో పదిమందికి సీపీఆర్ నేర్పించమని ప్రిన్సిపాల్‌ను అడుగుతానన్నాడు. స్పాన్సర్ సంగతి నేను చూస్తానని చెప్పాను. పాస్‌ల దగ్గర మాత్రం వాడు పదహారు వందల కంటే కిందికి దిగడం లేదు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను, కూర్చుని తేల్చుకోవాలి.